కేట్ ఓబ్రయన్ నవలలను ఏ క్రమంలో, ఎలా చదవాలి

ఐరిష్ సాహిత్యం అనగానే మన పాఠకులకు గుర్తొచ్చే నలుగురైదుగురిలో కేట్ ఓబ్రయన్ పేరు ఉండదు. 1931 నుంచి 1958 వరకు ఆమె తొమ్మిది నవలలు రాసింది. మొదటి నవలకే హాథార్న్‌డెన్, జేమ్స్ టెయిట్ బ్లాక్ బహుమతులు రెండూ వచ్చాయి. 1945 నాటి ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ సినిమాలో కథానాయిక అద్దె లైబ్రరీ నుంచి కొత్తగా వచ్చిన కేట్ ఓబ్రయన్ నవల తెచ్చుకుంటుంది. నవల పేరు చెప్పనక్కర లేకుండా రచయిత్రి పేరు చెబితే చాలన్నంతగా ఇంగ్లండ్ మధ్యతరగతి ఇళ్లలో ఆమె పుస్తకాలు తిరిగేవన్నమాట. అటువంటి రచయిత్రి 1974లో కన్నుమూసేనాటికి ఆమె పుస్తకాలలో చాలా వాటికి పునర్ముద్రణ లేదు.

ఆమెను ఇంగ్లీషులో మొదటిసారి చదవబోయే తెలుగు పాఠకులను దృష్టిలో పెట్టుకొని రాస్తున్న వ్యాసం ఇది. ఏ నవలతో మొదలుపెట్టాలి, దానికి ముందు ఎంత చరిత్ర తెలిసి ఉండాలి, ఎక్కడ ఓపిక పట్టాలి, దేన్ని నిస్సంకోచంగా పక్కన పెట్టవచ్చు అన్నవే ఇందులోని విషయాలు. అయితే ముందుగా ఒక హెచ్చరిక చేయవలసి ఉంది. ఆమె పేరు ఎక్కడ వినిపించినా దాని ముందు ‘నిషేధానికి గురైన’ అన్న విశేషణం వచ్చి చేరుతుంది. అది అబద్ధమేమీ కాదు. ఆమె నవలలు రెండింటిని ఐర్లండ్‌లో నిజంగానే నిషేధించారు. కాని ఆ విశేషణాన్ని నమ్ముకొని పుస్తకం తెరిచినవారు తిరుగుబాటు కోసం, బాహాటమైన శృంగారం కోసం వెతికి, రెండూ కనబడక, యాభై పేజీల లోపే విసుగు చెందుతారు. ఆమె అసలు విషయం వేరు. దేవుణ్ణి నమ్ముతూ, ఇంటివాళ్లను ప్రేమిస్తూ, ఆ నమ్మకమూ ఆ ప్రేమా విధించే హద్దుల్లో ఇమడలేని మనిషి తన జీవితాన్ని తానెలా నిర్ణయించుకుంటుంది అన్నదే ఆమె పుస్తకం తర్వాత పుస్తకంగా పరిశీలించిన ప్రశ్న.

జీవిత విశేషాలు మొత్తం తెలియనక్కర లేదు గాని, కొన్ని తెలియకపోతే నవలలు సగమే అర్థమవుతాయి. కేట్ 1897 డిసెంబరు 3న పశ్చిమ ఐర్లండ్‌లోని లిమెరిక్ పట్టణంలో, మల్‌గ్రేవ్ వీధిలోని బోరూ హౌస్ అనే ఇంట్లో పుట్టింది. తండ్రి గుర్రాల వ్యాపారి. అయిదేళ్ల వయసులో తల్లి చనిపోవడంతో, అక్కలు చదువుతున్న లారెల్ హిల్ మఠంలోని ఆశ్రమ పాఠశాలలో ఆమెను చేర్చారు. ఫ్రాన్సులో పుట్టిన ఒక సన్యాసినీ సభవారు నడిపిన పాఠశాల అది. అక్కడి నుంచి డబ్లిన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి వెళ్లి డిగ్రీ పూర్తి చేసింది. ఇంగ్లండ్‌లో పత్రికా కార్యాలయంలోనూ పాఠశాలలోనూ పనిచేసింది. 1922–23లో స్పెయిన్ ఉత్తర తీరాన బిల్బావో దగ్గర ఒక ధనిక కుటుంబంలో పిల్లలకు ఇంగ్లీషు నేర్పే గవర్నెస్‌గా గడిపింది. తిరిగివచ్చి గుస్తాఫ్ రెనియర్ అనే డచ్ పాత్రికేయుణ్ణి పెళ్లి చేసుకుంది, ఆ వివాహం ఏడాది కూడా నిలవలేదు. ఆ తర్వాతి జీవితంలో ఆమె గాఢానుబంధాలు స్త్రీలతోనే. 1926లో లండన్‌లో ఒక నాటకం విజయం సాధించాక ఆమె రచననే వృత్తిగా ఎంచుకుంది. లిమెరిక్, మఠం, స్పెయిన్ అన్న ఈ మూడు చోట్లను గుర్తుపెట్టుకుంటే చాలు. ఆమె కల్పన అంతా వాటి మధ్యే తిరుగుతుంది. నవలల్లో కనిపించే మెల్లిక్ పట్టణం లిమెరిక్కే.

చాలామంది పుస్తకాలు వెలువడిన క్రమంలోనే చదవమని చెబుతారు. నేను ఆ సలహా ఇవ్వను. మొదటి నవల ‘వితౌట్ మై క్లోక్’ మూడు తరాల వ్యాపార కుటుంబపు కథ. చాలా పెద్దది, చాలాచోట్ల మెత్తనిది. దానితో మొదలుపెడితే ఆమెను పాతకాలపు కుటుంబగాథల రచయిత్రిగా అంచనా కట్టి అక్కడే ఆగిపోయే ప్రమాదం ఉంది. 1941లో వచ్చిన ‘ది లాండ్ ఆఫ్ స్పైసెస్’ను ముందు చేతిలోకి తీసుకోండి.

ఇది 1904 నుంచి 1914 వరకు ఐర్లండ్‌లోని ఒక మఠంలో జరిగే కథ. ఇంగ్లండ్‌లో పుట్టిన హెలెన్ ఆర్చర్ ఆ మఠానికి అధిపతి, పాఠశాలకు పెద్ద. ఆమెను అందరూ రెవరెండ్ మదర్ అంటారు. భావాలు పైకి చూపని మనిషి, అందరికీ దూరంగా ఉండే మనిషి. ఐరిష్ మఠకన్యలకు, స్థానిక ఫాదర్లకు, మేత్రాణులకు (బిషప్‌కు) ఆమె మీద గౌరవం ఉంటుంది గాని మమకారం ఉండదు. తనకీ పదవి వద్దని బ్రస్సెల్స్‌లోని పెద్ద మఠానికి ఉత్తరం రాసిపెట్టుకున్న సమయంలో, ఆరేళ్ల ఆనా మర్ఫీ కొత్తగా వచ్చిన అందరికన్నా చిన్న విద్యార్థినిగా ఆమె ముందు ఒక పద్యం అప్పజెబుతుంది. అది హెలెన్ తండ్రికి ఎంతో ఇష్టమైన కాలపు కవిత్వం. ఉత్తరం పంపడం ఆగిపోతుంది. తర్వాతి పదేళ్లూ ఆ ఇద్దరి మధ్య ప్రేమ అని ఎవరూ పేరు పెట్టని ఒక సంబంధం ఎలా పెరుగుతుందో చెప్పడమే నవల.

మొదటి రెండు మూడు అధ్యాయాలు నెమ్మదిగా సాగుతాయని ముందే చెప్పడం మంచిది. ప్రార్థన వేళలు, పండుగలు, భోజనశాల నియమాలు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న మర్యాదలు, మధ్యమధ్య ఫ్రెంచి మాటలు వస్తూ ఉంటాయి. వీటిని దాటవేయకండి. మఠంలో మనసులోని మాట పైకి చెప్పుకునే ఆచారం లేదు కాబట్టి, ఒక వరస తప్పడం, ఒక అనుమతి దొరకడం, ఒక ఉత్తరం ఆలస్యంగా అందడం వంటి చిన్న విషయాల్లోనే అసలు సంఘటనలు జరిగిపోతూ ఉంటాయి. ఫ్రెంచి మాటలకు నిఘంటువు పక్కన పెట్టుకుంటే సరిపోతుంది. అవి పెద్ద అడ్డంకి కాదు.

రాజకీయం విషయంలో మాత్రం కొంత సిద్ధపడి వెళ్లాలి. నవల నడిచే పదేళ్లూ ఐర్లండ్ స్వపరిపాలన కోసం తహతహలాడుతున్న కాలం. ఐరిష్ బాలికలకు ఐరిష్ భాష నేర్పాలని, ఐరిష్ సంస్కృతిలో పెంచాలని స్థానిక మతాధికారులు పట్టుబడతారు. పరాయి పాలన కింద చదువుకున్న మన పెద్దల అనుభవం తెలిసిన పాఠకుడు సహజంగానే వారి పక్షం వహిస్తాడు. రచయిత్రి వహించదు. బ్రస్సెల్స్ నుంచి వచ్చిన విశాలమైన యూరోపియన్ చదువునే ఆమె సమర్థిస్తుంది, దేశభక్తి పేరిట వచ్చే సంకుచితత్వాన్ని అనుమానిస్తుంది. 1941లో, దేశం స్వతంత్రమయ్యాక, మతమూ జాతీయతా కలిసి పుస్తకాలను నిషేధిస్తున్న రోజుల్లో కూర్చుని ఆమె 1904ను తిరిగి చూస్తోందని గుర్తుంచుకుంటే ఆ వాదంలో బలం ఎక్కడుందో తెలుస్తుంది. ఆ వాదాన్ని ఒప్పుకోనక్కర లేదు. నాకైతే కొన్నిచోట్ల ఆమె మేత్రాణులకు, యువకుడైన ఫాదర్ కాన్రాయ్‌కి పూర్తి న్యాయం చేసినట్లు కనిపించదు.

ఇక ఈ నవల నిషేధానికి కారణమైన ఆ ఒక్క వాక్యం. పద్దెనిమిదేళ్ల వయసులో హెలెన్ ఒకరోజు ఇంటికి వచ్చి, తండ్రీ అతని శిష్యుడైన ఎతియెన్ అనే యువకుడూ ప్రేమాలింగనంలో ఉండగా చూస్తుంది. ఆ చూపును రచయిత్రి ఒకే వాక్యంలో, ఒక్క శరీర వర్ణన కూడా లేకుండా చెప్పి ముందుకు వెళ్లిపోయింది. ఆ వాక్యం కోసమే పుస్తకాన్ని నిషేధించారు. 1929 నాటి సెన్సార్‌షిప్ చట్టం ప్రకారం అశ్లీలమని నిషేధించాలంటే ఒక పుస్తకం దాని మొత్తం ధోరణిలో అశ్లీలమైనదై ఉండాలి; మఠజీవితాన్ని ఇంత గౌరవంగా చిత్రించిన నవల ధోరణిని ఒకే వాక్యంతో తేల్చారన్నమాట. 1942లో ఐర్లండ్ ఎగువసభలో సెన్సార్ బోర్డు తీరుపై రోజుల తరబడి చర్చ జరిగినప్పుడు ప్రస్తావనకు వచ్చిన పుస్తకాల్లో ఇదీ ఒకటి. బోర్డుపై అవిశ్వాసం ప్రకటించిన తీర్మానం చిత్తుగా ఓడిపోయింది. 1946 చట్టంతో అప్పీలు చేసుకునే వీలు కలిగాక, 1949లో ఈ నవలపై నిషేధం తొలగింది.

ఆ వాక్యం దగ్గరకు వచ్చినప్పుడు ఆగి అదేనా అని చూసుకోవడం మానవ సహజం. చూసుకున్నాక, దాని తర్వాతి పేజీలను రెండుసార్లు చదవండి. హెలెన్ మఠంలో చేరింది దైవపిలుపు విని కాదు, తండ్రిని శిక్షించడానికి. ఆ సంగతి తండ్రికి చెప్పదు, తనకు తాను కూడా చాలాకాలం ఒప్పుకోదు. ప్రేమించిన మనిషిని తీర్పు తీర్చి, ఆ తీర్పు మీదే జీవితం కట్టుకున్నందుకు కలిగిన పశ్చాత్తాపమే ఆమెను మళ్లీ మనిషిని చేస్తుంది. నవలలో పాపమంటూ ఉంటే అది కూతురిదే అని రచయిత్రి భావం. బోర్డువారు ఆ సంగతి గమనించి ఉంటే మరింత కలవరపడేవారేమో.

ఈ నవల చదివేటప్పుడే ఒక అలవాటు చేసుకుంటే మిగతా నవలలన్నింటికీ పనికొస్తుంది: డబ్బు ఎవరి చేతిలో ఉందో ప్రతి అధ్యాయంలోనూ గమనించండి. ఆనా ఫీజు ఎవరు కడుతున్నారు, ఆమె అమ్మమ్మ దగ్గరున్న డబ్బు తల్లినీ పిల్లలనూ ఎలా కట్టడి చేస్తోంది, విశ్వవిద్యాలయానికి స్కాలర్‌షిప్ రావడం అంటే ఆ పిల్లకు నిజంగా ఏమిటి అన్నది ఆమె చాలా కచ్చితంగా రాస్తుంది. ఆనా కాలేజీకి వెళ్లకూడదని పట్టుబట్టిన అమ్మమ్మకూ రెవరెండ్ మదర్‌కూ మధ్య జరిగే సంభాషణ ఈ నవలకు శిఖరమని నా అభిప్రాయం. ఎవరూ గొంతు పెంచరు. మర్యాద ఒక్క మాటలో కూడా తప్పదు. ఒక ఆడపిల్ల భవిష్యత్తు మాత్రం అక్కడే తేలిపోతుంది.

రెండో పుస్తకంగా 1934 నాటి ‘ది యాంటీ రూమ్’ తీసుకోవాలి. 1880లో అక్టోబరు 31, నవంబరు 1, 2 తేదీల్లో, అంటే సకల పునీతుల పండుగకు ముందురోజు నుంచి మృతుల ఆత్మల కోసం ప్రార్థించే రోజు వరకు, మెల్లిక్‌లోని ఒక ఇంట్లో జరిగే కథ ఇది. తల్లి క్యాన్సర్‌తో మరణశయ్య మీద ఉంది. కూతురు ఆగ్నెస్ తన అక్క భర్త విన్సెంట్‌ను ప్రేమిస్తోంది. అతనూ ఆమెను ప్రేమిస్తున్నాడు. ఆ అక్క అంటే ఆగ్నెస్‌కు ప్రాణం. నవల మూడు రోజులుగానే విభజింపబడి ఉంది కాబట్టి మూడు దఫాలుగా, ఒక్కో రోజును ఒక్కసారిగా చదివితే దాని బిగువు తెలుస్తుంది. ఇక్కడ పాపసంకీర్తనం గురించి తెలిసి ఉండాలి. కతోలిక విశ్వాసంలో తెలిసి మనసులో నిలుపుకున్న చెడు తలపు కూడా పాపమే. చేసిన పాపాన్ని ఫాదర్ ముందు చెప్పుకొని, మళ్లీ చేయనని నిజంగా నిశ్చయించుకుంటేనే క్షమాపణ. తల్లి కోసం ఇంట్లో దివ్యపూజ (మాస్) జరగబోతోంది, ఆగ్నెస్ అందులో ఇచ్చే సత్ప్రసాదం (కమ్యూనియన్) తీసుకోవాలి, అందుకు ముందు పాపసంకీర్తనం చేయాలి. దాంతో రహస్యంగా దాచుకున్న ప్రేమను ఆమె మాటల్లో పెట్టక తప్పదు. ఈ ఏర్పాటును గ్రహించకుండా చదివితే ‘ఇంతకూ వీళ్లు ఎందుకు లేచిపోరు’ అనిపిస్తుంది. గ్రహిస్తే ఆ ప్రశ్న రాదు. నా దృష్టిలో ఆమె నవలలన్నింటిలో కట్టుదిట్టమైన నిర్మాణం దీనిదే. ముగింపు మాత్రం తొందరపాటుగా ఉందని విమర్శించేవారితో నేను ఏకీభవిస్తాను.

ఆ తర్వాత స్పెయిన్ వైపు వెళ్లవచ్చు. 1936లో వెలువడి, అదే ఏడాది ఐర్లండ్‌లో నిషేధింపబడిన ‘మేరీ లావెల్’లో 1922 నాటి ఐరిష్ అమ్మాయి బిల్బావో ప్రాంతానికి గవర్నెస్‌గా వెళ్లి, ఆ ఇంటి పెళ్లయిన కొడుకుతో ప్రేమలో పడుతుంది. ప్రేమకథగా ఇది సాధారణం. దీన్ని చదవవలసింది గవర్నెస్‌ల కోసం. పెళ్లికి కట్నం లేక, స్వదేశంలో పని లేక, పరాయి దేశంలో ‘మిస్’ అనిపించుకుంటూ ముసలివాళ్లయిపోతున్న ఐరిష్ స్త్రీల గుంపొకటి కాఫీ హోటల్లో కూడి మాట్లాడుకునే సన్నివేశాలు రచయిత్రి స్వయంగా చూసినవన్నది స్పష్టం. వారిలో ఆగథా కాన్లన్ అనే మనిషి మేరీ పట్ల తన ప్రేమను నేరుగా చెప్పే ఘట్టం, 1936లో, అదీ దైవభక్తి గల కతోలిక పాత్ర నోట, ఎంత సాహసమో ఊహించుకోవచ్చు. మరుసటి ఏడాది వచ్చిన ‘ఫేర్‌వెల్ స్పెయిన్’ యాత్రాగ్రంథాన్ని దీనితో కలిపి చదివితే మంచిది. స్పెయిన్ అంతర్యుద్ధంలో (1936–39) ఫ్రాంకోను ఎదిరించిన రిపబ్లిక్ పక్షాన ఆమె నిలబడినందుకు ఫ్రాంకో ప్రభుత్వం 1957 వరకు ఆమెను స్పెయిన్‌లోకి రానివ్వలేదు.

‘దట్ లేడీ’ని 1946లో ప్రచురించారు. పదహారో శతాబ్దపు స్పెయిన్ రాజు రెండో ఫిలిప్, ఎబోలి రాకుమారి ఆనా దె మెందోసా, రాజు కార్యదర్శి ఆంతోనియో పెరెత్ అన్న ముగ్గురి చుట్టూ తిరిగే కథ. 1578లో రాజు సవతి తమ్ముడి కార్యదర్శి ఎస్కొవేదో హత్య, 1579లో ఆనా అరెస్టు, 1592లో పాస్త్రానాలోని సొంత భవనంలోనే బందీగా మరణించడం చరిత్రలో ఉన్నవే. వాటి మధ్య సంభాషణలు, కారణాలు రచయిత్రి కల్పన, ఆ మాట ఆమే ముందుమాటలో చెప్పుకుంది. కాబట్టి చరిత్ర తెలుసుకోవడానికి దీన్ని చదవకండి. వితంతువైన ఒక స్త్రీ ఎవరిని ప్రేమించాలన్నది రాజు అడగదగిన ప్రశ్నేనా అన్న వాదం కోసం చదవండి. యూరపు నియంతల కాలం అప్పుడే ముగిసిన నాటి పాఠకులకు ఆ వాదం ఎటు చూపుతోందో వివరించవలసిన పని లేకపోయింది. 1955లో ఒలీవియా దె హావిలాండ్ నటించిన సినిమా ఉంది, కాని అది నవలకు ప్రత్యామ్నాయం కాదు.

చివరి నవల ‘యాజ్ మ్యూజిక్ అండ్ స్ప్లెండర్’ను చివరికే ఉంచుకోండి. 1880లలో ఐర్లండ్ నుంచి పారిస్‌కు, అక్కడి నుంచి రోమ్‌కు గాత్రశిక్షణ కోసం వెళ్లిన ఇద్దరు పేదింటి అమ్మాయిలు క్లేర్, రోజ్ ఓపెరా గాయనులుగా ఎదుగుతారు. క్లేర్ మరొక గాయని లూయిసాను ప్రేమిస్తుంది. అంతకుముందు నవలల్లో ఒక వాక్యంగానో, ఒక ఘట్టంగానో దాగి ఉన్న విషయం ఇక్కడ కథ మధ్యకు వచ్చి, ఎవరి క్షమాపణనూ కోరకుండా నిలబడుతుంది. ఓపెరాతో పరిచయం లేనివారు గ్లూక్ రాసిన ‘ఓర్ఫియో’ను ఒకసారి విని మొదలుపెడితే కొన్ని అధ్యాయాల అందం రెట్టింపవుతుంది. ఈ నవల మధ్యభాగంలో సాగదీత ఉందని ఒప్పుకోక తప్పదు.

మిగిలినవాటిలో ‘ప్రే ఫర్ ది వాండరర్’, నిషేధింపబడ్డ ఒక రచయిత 1937లో సొంతూరికి తిరిగివచ్చిన కథ. నవల కన్నా వాదన ఎక్కువ. 1939 వేసవిలో జరిగే ‘ది లాస్ట్ ఆఫ్ సమ్మర్’ను కొడుకును గుప్పిట్లో పెట్టుకున్న హానా అనే తల్లి పాత్ర కోసం చదవవచ్చు. ‘ది ఫ్లవర్ ఆఫ్ మే’ను వదిలేసినా నష్టం లేదు. ‘వితౌట్ మై క్లోక్’ను ఇప్పుడు, ‘యాంటీ రూమ్’లోని తల్లి ఆ కుటుంబపు ఆడపడుచే అని తెలిశాక, తీరికగా చదివితే బాగుంటుంది, ముఖ్యంగా భర్తను వదిలి లండన్ వెళ్లిపోయి, తిరిగిరాక తప్పని కారొలైన్ కథ.

నవలలు కాని పుస్తకాల్లో తెలుగువారికి ఒక దగ్గరి లంకె ఉన్నది ‘ప్రెజెంటేషన్ పార్లర్’. 1963లో వచ్చిన ఈ చిన్న పుస్తకంలో ఆమె తన అయిదుగురు పినతల్లులు, మేనత్తల గురించి రాసింది. వారిలో ఇద్దరు లిమెరిక్‌లోని ప్రెజెంటేషన్ సభ మఠకన్యలు. నానో నేగల్ 1775లో కార్క్ పట్టణంలో స్థాపించిన ఆ సభే 1842లో మద్రాసుకు వచ్చింది. చర్చ్ పార్క్‌తో సహా ఆ సభవారి బడుల్లో చదువుకున్న తెలుగు ఆడపిల్లలకు లెక్కలేదు. ఆ బడుల్లో చదివినవారు ఈ పుస్తకంలోని అతిథుల గదిని, అందులోని నిశ్శబ్దాన్ని వెంటనే గుర్తుపడతారు.

ఆమె వచనం గురించి రెండు మాటలు. వాక్యాలు పొడవు, ఒకే పేజీలో ముగ్గురి మనసుల్లోకి వెళ్లివస్తుంది, పాత్ర ఏమనుకుంటోందో చూపించడమే కాక వివరించి చెబుతుంది కూడా. ఆధునిక నవలకు అలవాటుపడ్డవారికి ఇది పాతపద్ధతిగా తోచవచ్చు. వేగంగా చదివితే ఆ వివరణల్లోని వ్యంగ్యం జారిపోతుంది కాబట్టి రోజుకు ఒక అధ్యాయం మించకుండా చదవడం మేలు. లోపాలు కూడా ఉన్నాయి. ఆమె కథానాయికలు దాదాపు అందరూ అసాధారణ సౌందర్యవతులే, ఆ సంగతి పదేపదే చెప్పడం విసుగు పుట్టిస్తుంది. లిమెరిక్ పేదవాడలు, ఇంటి పనివాళ్లు నేపథ్యంగానే మిగిలిపోతారు. సంపన్న కతోలిక వ్యాపార కుటుంబాలే ఆమె లోకం. దాన్ని దాటి ఆమె చూసింది తక్కువ.

పుస్తకాలు సంపాదించే విషయానికి వస్తే, 1980లలో డబ్లిన్‌లోని ఆర్లెన్ హౌస్, లండన్‌లోని విరాగో అనే స్త్రీల ప్రచురణ సంస్థలు ఆమెను మళ్లీ వెలుగులోకి తెచ్చాయి. ముదురాకుపచ్చ వీపున్న పాత విరాగో ప్రతులు పాతపుస్తకాల విక్రేతల దగ్గర ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరుకుతుంటాయి. మన దేశపు చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాత అరవై ఏళ్లు కాపీరైటు ఉంటుంది కనుక ఆమె రచనలకు 2034 చివరి వరకు రక్షణ ఉంది; బ్రిటన్, ఐర్లండ్‌లలో డెబ్బై ఏళ్లు కనుక 2044 చివరి వరకు. ఉచితంగా దొరికే ప్రతుల జోలికి పోకపోవడం, తెలుగులోకి అనువదించాలనుకునేవారు ముందుగా హక్కుదారుల అనుమతి తీసుకోవడం అవసరం. అమెరికాలో లెక్క వేరు: అక్కడ ప్రచురణ తేదీని బట్టి లెక్కిస్తారు కాబట్టి 1931 నాటి ‘వితౌట్ మై క్లోక్’ 2027 జనవరి 1 నాటికి అందరికీ స్వేచ్ఛగా అందుబాటులో ఉంటుంది. పరిశోధన చేయదలచినవారికి ఆమె కాగితాలు కొన్ని లిమెరిక్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.